మోచేత్తో తెరుచుకునే తలుపు

ఇంటి నుంచి,
జూన్ మొదటి ఆదివారం.

ప్రతిదానికీ రూలు తీసే మా చెల్లెలు లాపాయింట్ గారికి అన్నయ్య రాయునది,

ఇది మొదటి కాగితం కాబట్టి అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. నేను రాసే ప్రతి ముక్కా పైకి చదువుతూ రాయాలట. నీ పోయిన ఉత్తరం ఎప్పటిలాగే రెండుసార్లు చదివించుకుంది. మొదటిసారి సంగతుల కోసం, రెండోసారి నీ కోసం అంటుంది. ఫోన్లో మాటైతే గాలికి పోతుందట, ఉత్తరమైతే మళ్ళీ వినొచ్చట.

మెట్ల మీద పడినప్పటి నొప్పి తుంటిలో ఇంకా ఉంది గానీ, వాకర్ పట్టుకుని హాలు చివరిదాకా వెళ్ళి వస్తోంది. పై గది సంగతి ఇక మరిచిపొమ్మన్నాడు డాక్టరు. అందుకని కింద, వెనక ఖాళీగా ఉన్న జాగాలో అమ్మకో గది వేయిస్తున్నాను. వాకర్ పట్టేంత వెడల్పు తలుపు, కాలు జారని నేల, మంచం మీంచి చెయ్యి చాస్తే అందే స్విచ్చి. అమ్మ కిటికీలోంచి మేస్త్రీలకి పని నేర్పుతోంది. వాళ్ళు పాపం తల ఊపుతున్నారు.

ఒక్కటి నువ్వు తేల్చాలి. తలుపుకి గుండ్రటి పిడి పెట్టించనా, పొడుగుదా? గుండ్రందైతే చూడ్డానికి బాగుంటుంది. కానీ అమ్మ వేళ్ళ సంగతి నీకు తెలుసుగా.

రెండో కాగితం

ఇది నీకూ నాకూ. అమ్మ కునుకు తీస్తోంది. నువ్వు హాస్టల్లో చేరినప్పటి నుంచి అమ్మ వినకూడనివన్నీ రెండో కాగితంలోకే కదా, ఇదీ అలాంటిదే. ఇంకోసారి పడితే మంచం దిగడం కష్టమని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆ రాత్రే గది కట్టించాలని నిర్ణయించుకున్నాను. ఎలా కడుతున్నావని అడగకు. అన్నయ్య ఉన్నాడు కదా, నిశ్చింతగా ఉండు.

———

హెడ్డాఫీసు, నాలుగో అంతస్తు,
జూన్, భోజనాల వేళ.

అన్నయ్యా,

పొడుగు పిడే పెట్టించు. ఇందులో రెండో మాట లేదు. అమ్మ వేళ్ళు ముడుచుకోవు, గుండ్రందాన్ని ఏం పట్టుకుని తిప్పుతుంది? చేతిలో గ్లాసున్నా, వాకర్ ఉన్నా, మోచేత్తో నొక్కితే చాలు తెరుచుకునేది ఉండాలి. అమ్మ గదిలోంచి బయటికి రావడానికి ఎవర్నీ పిలవనక్కర్లేకుండా ఉండాలి, అంతే. అమ్మా, వింటున్నావా? మేస్త్రీలని వాళ్ళ పని చేసుకోనీ.

రెండో కాగితం

నాకు ఇక్కడ చిన్న విజయం దక్కింది. నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను? అప్పుల సీటులో కూర్చునేవాళ్ళు ఏడాదికోసారి రెండు వారాలు తప్పనిసరిగా సెలవు తీసుకోవాలని మన బ్యాంకులో ఎప్పటి నుంచో రూలుంది. ఆ రెండు వారాలు బ్రాంచి గడప తొక్కకూడదు, ఫోన్ చేయకూడదు, వేరే మనిషి వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. లంచం తినేవాడు సీటు వదలడు, అందుకే వదిలించాలి. వాడు లేనప్పుడు లంచం ఇచ్చేవాడు ఏదో ఒక పని మీద వస్తాడు, కొత్త మనిషి ముందు ఏదో ఒకటి వాగుతాడు. ఇంత తేలికైన రూలుని ఎవరూ పాటించడం లేదు. పని ఆగిపోతుందని మేనేజర్లు, నా మీద అనుమానమా అని ఆఫీసర్లు. మా విజిలెన్సు పెద్దాయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, ఈ ఏడాది నుంచి కచ్చితంగా అమలు చేయిద్దామని ఒప్పుకున్నారు.

మొదటి జాబితాలో నీ పేరుంది. నేనే రాశాను. నువ్వు నా అన్నయ్యవని ఇక్కడ అందరికీ తెలుసు. ఆవిడ సొంత అన్నయ్యే ఇంట్లో కూర్చున్నాడంటే ఇక మిగతావాళ్ళు నోరెత్తరు. పైగా నువ్వు సెలవు మొహం చూసి ఎన్నాళ్ళైంది? అమ్మ కొత్త గదిలో కాళ్ళు బారజాపుకుని పడుకో. ఆగస్టులో.

———

ఇంటి నుంచి,
జూలై, బ్రాంచి నుంచి రాగానే.

లాపాయింటూ,

గోడలు లేచాయి, పైకప్పు వేశారు. అమ్మ తన మంచం ఏ గోడకి ఉండాలో రోజుకోలా చెబుతోంది. ఇవాళ కిటికీ వైపట. నీ పొడుగు పిడికి ఆర్డరిచ్చాం.

రెండో కాగితం

నీ విజయానికి సంతోషం. కానీ నన్ను వచ్చే ఏడాదికి మార్చు. అపార్టుమెంట్లు కట్టే కాంట్రాక్టరు ఒకాయన అప్పు నా చేతిలో ఉంది. ఒక్కో స్లాబూ పడ్డాక నేను వెళ్ళి చూసి, పడిందని రాసిస్తే గానీ తరవాతి విడత డబ్బు విడుదల కాదు. ఆగస్టులో రెండు విడతలున్నాయి. కొత్తగా వచ్చేవాళ్ళకి తలా తోకా తెలియదు, ఏదో కొర్రీ వేస్తారు, పని ఆగుతుంది. ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళు ఉసూరుమంటారు. అమ్మకి ఫిజియోథెరపీ కూడా అప్పుడే. జాబితాలో ఒక పేరు కిందకి జరపడం నీకెంత పని? అన్నయ్య నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగాడా?

———

హెడ్డాఫీసు,
జూలై చివర.

అన్నయ్యా,

రెండు రోజులు ఇంట్లో ఉండి వచ్చాక ఇక్కడి గది అగ్గిపెట్టెలా ఉంది. అమ్మ గది చూసి నాకు కడుపు నిండిపోయింది. ఆ నేల, ఆ వెలుతురు, స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకి కమ్మీ. అమ్మ పక్కన పడుకుని ఎన్నేళ్ళైందో. పిడి ఒక్కటే రాలేదుగా, ఆ కన్నంలోంచి కట్టిన తాడు అమ్మ వేళ్ళకి చిక్కక మణికట్టుకి చుట్టుకుని లాగుతోంది. త్వరగా తెప్పించు.

రెండో కాగితం

నీ పేరు జరపను. కోప్పడకు. నువ్వడిగింది చూసి నవ్వొచ్చింది కూడా. నేను లేకపోతే బ్యాంకు మూతపడుతుందని ప్రతి ఆఫీసరూ సరిగ్గా ఇవే మాటలు రాస్తాడు. వాళ్ళకి కుదరదని రాసిన చేత్తోనే నీకు కుదురుతుందని ఎలా రాయను? నా పరువు నీ సెలవులో ఉంది, బాబూ. నీ సీట్లోకి ఒక కళ్ళజోడు అమ్మాయిని పంపుతున్నాం. ఈమధ్యే చేరింది, చురుకైన పిల్ల. స్లాబులు ఆ అమ్మాయి చూసి వస్తుందిలే. నువ్వు నిద్రపో.

———

ఇంటి నుంచి,
ఆగస్టు.

లాపాయింటూ,

సెలవు అనుభవిస్తున్నాను. పొద్దున లేచి షేవింగు చేసుకుని, చొక్కా తొడుక్కుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ విప్పుకుంటున్నాను. అమ్మ నవ్వుతోంది. పెద్దాడు ఇంట్లో ఉంటే కాళ్ళకడ్డం పడుతున్నాడు, మళ్ళీ పంపించెయ్యండి అని నీకు రాయమంటోంది.

రెండో కాగితం

బ్రాంచి సంగతులేమైనా మీ దాకా వచ్చాయా? ఆ అమ్మాయి ఎలా చేస్తోంది? కాంట్రాక్టరు మనిషి మొరటువాడు, నోటికొచ్చింది మాట్లాడతాడు. ఆ పిల్లతో ఏమైనా అన్నా పట్టించుకోవద్దని చెప్పు. ఫోన్ చేయకూడదన్నావు కాబట్టి చేయడం లేదు. ఎవరి ద్వారానూ అడగడం లేదు. చూశావా, ఎంత బుద్ధిమంతుణ్ణో.

———

హెడ్డాఫీసు,
ఆగస్టు.

అన్నయ్యా,

అమ్మకి నా నమస్కారాలు. నేను బాగున్నాను. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. వానలు తగ్గాయి.

రెండో కాగితం

అమ్మ గదికి ఎంతైంది? నా వాటా పంపుతాను. ఎవరికి ఎలా ఇచ్చావో కూడా రాయి. ఇంతకంటే ఇప్పుడు ఏమీ రాయలేను. నువ్వు మాత్రం దాచకుండా రాయి అన్నయ్యా. దయచేసి.

———

ఇంటి నుంచి,
ఆగస్టు.

లాపాయింటూ,

నీ పోయిన ఉత్తరం అమ్మ రెండోసారి చదవనవసరం లేదంది. అందులో నువ్వు లేవట. ఒంట్లో బాగుందా?

ఇక్కడ శుభవార్త. పిడి బిగించారు. అమ్మ పొద్దుటి నుంచీ పనీ పాటా మానేసి తలుపు తెరవడం, మూయడం. మోచేత్తో నొక్కి, బయటికొచ్చి, నన్ను చూసి నవ్వి, మళ్ళీ లోపలికి. తుంటి నొప్పి మాటే లేదు.

రెండో కాగితం

నీ వాటా ఏమిటి, నువ్వేమన్నా పరాయిదానివా? ప్రతి నెలా అమ్మ మందులకి పంపుతున్నావు, అది చాలదూ? అడిగావు కాబట్టి చెబుతున్నాను. పీఎఫ్ లోంచి తీశాను. రిటైరయ్యాక కూర్చుని తిందామని దాచుకున్నదే, అమ్మ కంటే ఎక్కువా అనిపించింది. నీకు తెలిస్తే బాధపడతావని చెప్పలేదు. ప్రతి పైసా మేస్త్రీ చేతికి నా చేత్తోనే ఇచ్చాను. ఇక ఈ సంగతి వదిలెయ్యి. అమ్మకి తెలియనివ్వకు.

———

నా గది నుంచి,
సెప్టెంబరు.

అన్నయ్యా,

అమ్మకి మొదటి కాగితం లేదు. నాకు చేతకాలేదు. ఉత్తరం రాలేదని చెప్పు. నీకు అబద్ధం కొత్త కాదుగా.

నీ పీఎఫ్ నుంచి డబ్బు తీశావో లేదో తెలుసుకోవడం ఆఫీసులో నాకు ఒక్క మీట నొక్కినంత పని. నేను నొక్కలేదు. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. అన్నయ్య ముసలితనం కోసం దాచుకున్నది అమ్మకి పెట్టాడు, నేనేమో అనుమానించాను అని నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ఏడుపు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఏం జరిగిందో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలి. నీ సెలవు మొదటి వారంలో కాంట్రాక్టరు మనిషి బ్రాంచికొచ్చి, ఆ కళ్ళజోడు పిల్ల బల్ల మీద రెండు తలుపు పిడులు పెట్టాడు. ఒకటి వెండి రంగు, ఒకటి ఇత్తడి రంగు. సారు లేరా, అమ్మగారి గదికి ఏ రంగు బిగించమంటారో కనుక్కుందామని వచ్చాను అన్నాడట. దొంగతనంగా కూడా కాదు. కూరలు తెచ్చిచ్చినంత మామూలుగా. ఆ పిల్ల అదంతా రాసి రూలు ప్రకారం మాకు పంపింది. మర్నాడు స్లాబు చూడ్డానికి వెళ్ళింది. నువ్వు పడిందని రాసిచ్చిన అంతస్తులో స్లాబు లేదు, ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తున్నాయి.

ఆ కాగితం ముందు నా బల్ల మీదికే వచ్చింది. పిడి అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. అదే రోజు పెద్దాయన గదిలోకి వెళ్ళి, ఈ ఆఫీసరు నా అన్న, ఈ కేసు నేను చూడకూడదు అని ఇచ్చేశాను. ఆ తరవాత కూడా నిన్ను అడిగాను. అడగడం తప్పని తెలిసీ అడిగాను. నువ్వు నిజం రాస్తావని, నువ్వే వెళ్ళి చెప్పుకుంటావని ఆశ.

ఇప్పుడు అసలు సంగతి. కాంట్రాక్టరుని పిలిచి అడిగితే, అమ్మ గది తనే కట్టించి ఇచ్చానని ఒప్పుకున్నాడు. ఇంకా ఏమన్నాడో నాకు చదివి వినిపించారు, ఎందుకంటే అందులో నేనున్నాను. "నాకేం భయమండీ. ఆ సారు చెల్లెలు హెడ్డాఫీసులో విజిలెన్సులోనే ఉన్నారు. ఏదొచ్చినా ఆవిడ చూసుకుంటారని సారే చెప్పారు. ఆ పిడి కూడా మేడమ్‌గారు ఎంచిందే. మోచేత్తో నొక్కితే చాలు తెరుచుకునేది ఉండాలన్నారట."

నా మాట అన్నయ్యా. అమ్మ చెయ్యి గురించి నీకు రాసుకున్న మాట. అది ఆ మనిషి మాటగా, ముగ్గురు పెద్దమనుషుల ముందు వినాల్సొచ్చింది. నువ్వు ఆయనకి అమ్మింది నీ సంతకం అనుకున్నాను. కాదు, నన్ను అమ్మావు. నీ సంతకం చెల్లడానికి వెనక నా ఉద్యోగాన్ని హామీ పెట్టావు. విచారణ తేలేదాకా నన్నూ ఆఫీసుకి రావద్దన్నారు. రెండు వారాలు ఎవరినైనా ఇంట్లో కూర్చోబెట్టాలని నేనే కదా పోరాను. ఇప్పుడు నేనే కూర్చున్నాను.

———

ఇంటి నుంచి,
సెప్టెంబరు.

చెల్లికి,

నన్ను సస్పెండు చేశారు. నీకు తృప్తేనా? జాబితాలో పేరు రాసినప్పుడే నా మెడకి తాడు వేశావు. జరపమని బతిమాలితే నవ్వొచ్చిందన్నావు. బయటివాడు చేస్తే తట్టుకుంటాను. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల నమ్మించి గొంతు కోస్తుందని కలలో కూడా అనుకోలేదు. నాన్న పోయాక నీ హాస్టలు ఫీజు ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ చదువయ్యేదాకా నేను పెళ్ళి ఊసెత్తానా? అప్పుడు ఆ డబ్బు ఎక్కడిదని లాపాయింటు తీయలేదేం?

అవును, ఆయన కట్టించాడు. మొదట సిమెంటు మాత్రం చవగ్గా ఇప్పించమన్నాను. మనుషుల్ని పంపాడు. కూలి ఇవ్వబోతే తరవాత చూసుకుందాం అన్నాడు. తరవాత స్లాబు కాస్త ఆలస్యమవుతుంది, ఈ విడత ముందుగా వదలండి, పది రోజుల్లో వేసేస్తాం అన్నాడు. అప్పటికి అమ్మ మంచం ఆ గదిలో ఉంది. ఏమని కాదనేది? నీ పేరు నేను వాడుకోలేదు. మాటల్లో వచ్చింది. మా చెల్లెలు విజిలెన్సులో పెద్ద ఆఫీసరు అని గొప్పగా చెప్పుకున్నాను. ఏ అన్న చెప్పుకోడు?

ఇప్పుడు మించిపోయింది లేదు. ఒక్క మాట నీ చేతిలో ఉంది. నెలనెలా నువ్వు పంపిన డబ్బుతోనే గది కట్టించామని చెప్పు. డబ్బు పంపినట్టు నీ దగ్గర రుజువులున్నాయి, మందులకా ఇటుకలకా అన్నది ఎవరికి తెలుసు? మేస్త్రీతో నేను మాట్లాడతాను. గది మనదవుతుంది. స్లాబు విషయం పొరపాటని ఒప్పుకుంటాను, చిన్న శిక్షతో పోతుంది. నీ ఉద్యోగం నీకు దక్కుతుంది, నా ఉద్యోగం నాకు. అమ్మకి ఏమీ తెలియక్కర్లేదు. నీ ఉత్తరం రాలేదేమని రోజూ అడుగుతోంది. ఒక్క మాట. నిన్ను ఎప్పుడూ ఏమీ అడగను.

———

నా గది నుంచి,
అక్టోబరు.

అన్నయ్యా,

ఈసారి ఒక్కటే కాగితం. రెండోది లేదు. ఇది ముక్క వదలకుండా అమ్మకి చదువు.

అమ్మా, ఇన్ని వారాలుగా ఉత్తరం రాయనందుకు కోప్పడకు. రెండో కాగితమని అన్నయ్యా నేనూ నీకు తెలియకుండా రాసుకునేవాళ్ళం. నీకు బాధ కలిగించేవన్నీ అందులో పెట్టేవాళ్ళం. అది ప్రేమే అనుకున్నాం. ఇప్పుడు దాంట్లో పట్టనంత అయింది.

నువ్వు పడుకున్న గది అన్నయ్య కట్టించింది కాదు. ఒక కాంట్రాక్టరు కట్టించి ఇచ్చాడు. బదులుగా, లేని స్లాబుని ఉందని అన్నయ్య రాసిచ్చాడు. బ్యాంకు డబ్బు వెళ్ళిపోయింది. ఆ భవనంలో ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళు అద్దె కట్టుకుంటూ, లేని ఇంటికి వాయిదాలు కట్టుకుంటూ బ్రాంచి మెట్ల మీద కూర్చుంటున్నారు. వాళ్ళలో ఒకావిడ వాకర్ పట్టుకుని వచ్చిందని ఆ కళ్ళజోడు పిల్ల నాకు చెప్పింది. ఆవిడకి కింది అంతస్తులో గది ఇస్తామన్నారట.

అన్నయ్య మీద ఈ సంగతి మొదట బయటపెట్టింది నా శాఖే, అమ్మా. నేను పట్టుబట్టి పెట్టించిన సెలవులోనే దొరికాడు. నిజం చెప్పడానికి ఒక అవకాశం ఇచ్చాను, అబద్ధం చెప్పాడు. ఆ మనిషికి ధైర్యం చెప్పడానికి నా పేరు వాడుకున్నాడు. ఇప్పుడు నేను పంపిన మందుల డబ్బుతో గది కట్టించామని నన్ను అబద్ధం ఆడమంటున్నాడు. ఆడను. నా ఉద్యోగం ఉన్నా పోయినా ఆడను. అన్నయ్య నన్ను చదివించాడు, కాదనను. ఆ రుణం ఎలాగైనా తీర్చుకుంటాను, ఇలా మాత్రం కాదు.

పిడి నేనే ఎంచాను. నువ్వు ఎవర్నీ పిలవనక్కర్లేకుండా ఉండాలని. అది ఎవరి జేబులోంచి వస్తోందో అడగలేదు. అన్నయ్య ఉన్నాడుగా అనుకున్నాను. అంత నమ్మాను వాణ్ణి. నాకు ఎక్కడ నొప్పిగా ఉందో నీకు చెప్పాలని ఇదంతా.

———

ఇంటి నుంచి,
అక్టోబరు.

చెల్లీ,

చదివాను.

చించేద్దామనుకున్నాను. రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నిన్న పోస్టుమాన్ని అమ్మే కిటికీలోంచి అడిగింది. మొన్ననే ఇచ్చానుగా మామ్మగారూ అన్నాడు. ఇక చదవక తప్పలేదు.

అమ్మ చివరిదాకా విని, ఎప్పటిలాగే మళ్ళీ చదవమంది. చదివాను. అయ్యాక అంది, "ఒకచోట గుటక వేశావు రా. రెండుసార్లూ అక్కడే వేశావు. అక్కడేదో దాటేస్తున్నావు. దాని పైనుంచి చదువు." అన్నయ్య ఉన్నాడుగా అనుకున్నాను, అంత నమ్మాను వాణ్ణి అన్నది దాటేశాను. మూడోసారి అదీ చదివాను.

తరవాత స్క్రూడ్రైవరు తెమ్మంది. పిడి విప్పించింది. పాత తాడు తన మంచం కిందే దాచుకుందట, తీసి కట్టమంది. గది కూలగొట్టలేం, ఇంకెక్కడా పడుకోనూ లేను, ఇదొక్కటి తీసెయ్యి, వాళ్ళది వాళ్ళకి ఇచ్చెయ్యి అంది.

ఇవాళ మీ పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు రాసిచ్చి వచ్చాను. నీకు ఏమీ తెలియదని, నీ పేరు నేనే వాడుకున్నానని, మాటల్లో వచ్చింది కాదని, కావాలనే అన్నానని రాశాను. పిడిని కూడా అక్కడే బల్ల మీద పెట్టి వచ్చాను. నిన్ను పిలుస్తారు. నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

పొద్దున తాడు అమ్మ వేళ్ళకి చిక్కలేదు. మణికట్టుకి చుట్టుకుందామన్నా కుదరలేదు. చాలాసేపు తంటాలు పడి, లోపలి నుంచి పిలిచింది. నేను తలుపు ఇవతలే నిలబడి ఉన్నాను. నేనున్నానని అమ్మకి తెలుసు. పిలిచింది మాత్రం నిన్ను.